బ్రేకు గొట్టం: దాని వంపు, దాని మార్గం

తిరుమల నుండి దిగివచ్చే వాహనాలను అలిపిరి వద్ద కొద్దిసేపు నిలిచి గమనించిన వారికి ఒక వాసన పరిచితమై ఉంటుంది. అది కాగిన బ్రేకు లైనింగుల వాసన. 1944లో వెలసిన మొదటి ఘాట్ రోడ్డు సుమారు 19 కిలోమీటర్ల పొడవున 36 హెయిర్‌పిన్ మలుపులతో కొండను చుట్టుకొని దిగుతుంది. 1974లో రెండవ ఘాట్ రోడ్డు ఏర్పడినది. ఇప్పుడు ఎక్కే వాహనాలకు కొత్త దారి, దిగే వాహనాలకు పాత దారి. అనగా మలుపులన్నీ దిగేవారి పాలబడినవి.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకొనవచ్చును. కొండ మీది ఊరికీ, కింది పట్టణానికీ ఎత్తులో భేదం సుమారు 700 మీటర్లు. మనుషులతో సహా ఒకటిన్నర టన్నుల బరువున్న ఒక జీపు ఈ ఎత్తు దిగినపుడు కోల్పోయే స్థితిశక్తి రమారమి ఒక కోటి జౌళ్ళు. ఆ శక్తి ఎక్కడికీ పోదు, ఉష్ణంగా మారుతుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న 35 లీటర్ల నీటిని మరిగే స్థితికి తెచ్చుటకు సరిపోయే ఉష్ణం అది. అందులో కొంత భాగాన్ని తక్కువ గేరులో ఇంజను భరిస్తుంది, కొంత గాలిలో కలిసిపోతుంది. మిగిలినదంతా నాలుగు చక్రాల వద్ద ఉన్న బ్రేకుల మీద పడుతుంది.

బ్రేకులనగానే మనకు పెడలు గుర్తుకు వస్తుంది, డ్రమ్ములు గుర్తుకు వస్తాయి. ఈ రెండింటి నడుమ ఛాసిస్ చాటున సాగే సన్నని ఉక్కు గొట్టం సంగతి ఎవరికీ గుర్తురాదు. దాని వెలుపలి వ్యాసం చాలా కార్లలో 4.75 మిల్లీమీటర్లు, అనగా మన చేతిలోని పెన్సిలు కంటె సన్నం. పాత జీపునో కారునో పూర్తిగా విప్పి తిరిగి కట్టుకొనే ఉత్సాహవంతులు ఇంజను, రంగు, టైర్లు, సీట్లు అన్నింటినీ ముందుగా ఆలోచించి, ఈ గొట్టాన్ని చిట్టచివర మిగిలిన సందుల గుండా ఎలాగో ఈడ్చివేస్తారు. ఈ పద్ధతి తలక్రిందులైనదని నా అభిప్రాయం. ఇంజను, సైలెన్సరు గొట్టం ఎక్కడ కూర్చుంటాయో నిర్ణయించే రోజుననే బ్రేకు గొట్టానికి కూడ దారి విడిచిపెట్టవలెను. ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన కలిగినది కాదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవులు వచ్చినపుడు ఒక ఉస్తాదు వద్ద పని నేర్చుకొనేవాడిని. ఆయన చేతికి ఒకసారి ఒక పాత జీపు వచ్చినది. దానిని అంతకుముందు వేరొక షెడ్డులో పునర్నిర్మాణం చేసి, చక్కని ఆకుపచ్చ రంగు వేయించారు. ఇంజనులో ఏదో శబ్దం వినవస్తున్నదని యజమాని మా వద్దకు తెచ్చినాడు. ఆ శబ్దం సరిచేసి, పీలేరు వైపు పోయి తిరిగి వస్తూ భాకరాపేట ఘాటు దిగుతున్నాము. ఒక మలుపు ముందర ఉస్తాదు పెడలు త్రొక్కగా అది మెత్తగా నేల దాక పోయినది. మరల త్రొక్కినాడు, మరల నేలకే తగిలినది. నాలుగు చక్రాలలో ఒక్కదానికీ బ్రేకు లేదు. ఆయన గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, బండిని కొండ వైపు మట్టికట్టకు ఒరిపించి నిలిపినాడు. ఆ జీపులో చేతిబ్రేకు చక్రాల వద్ద కాక, గేరుపెట్టె వెనుక ప్రొపెల్లరు షాఫ్టు మీద ఒక ప్రత్యేకమైన డ్రమ్ముపై పట్టే యాంత్రికమైన ఏర్పాటు. ద్రవంతో దానికి సంబంధం లేదు కనుక మేము బ్రతికినాము.

కిందికి దూరి చూడగా కారణం తేటతెల్లమైనది. వెనుక ఇరుసు మీద సాగే గొట్టం ఉక్కుది కాదు, ఫ్రిజ్జులకు వాడే రాగి గొట్టం. చేతితో వంచుట సులువని దానిని వాడినారు. దానిని పట్టి ఉంచే క్లిప్పు లేదు. కమాను పట్టీల యూ-బోల్టు అంచుకు అది నిత్యం రాచుకొని, అరిగి, కాగితమంత పలుచనై, కొండ దిగే వేళ పడిన ఒత్తిడికి చీలిపోయినది. చీలిక గోరంత కూడ లేదు.

గోరంత చీలికకు నాలుగు చక్రాలూ ఎందుకు లొంగిపోవలెను? సమాధానం పాస్కల్ నియమంలోనే ఉన్నది. మూసి ఉంచిన ద్రవంపై ప్రయోగించిన పీడనం అన్ని దిశలలో, అన్ని చోట్లా సమానంగా ప్రసరిస్తుందని పదిహేడవ శతాబ్దపు ఆ ఫ్రెంచి పండితుడు నిరూపించినాడు. డ్రైవరు పాదం 30 కిలోగ్రాముల బలంతో పెడలును నొక్కినాడనుకొందాము. పెడలు ఒక తులాదండం కనుక ఆ బలం ఐదు రెట్లై 150 కిలోగ్రాములుగా మాస్టర్ సిలిండరును చేరుతుంది. ఆ సిలిండరు వ్యాసం 19 మిల్లీమీటర్లయితే లోపలి ద్రవంలో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 53 కిలోగ్రాములు. కారు టైరులో ఉండే గాలి పీడనం రెండు కిలోగ్రాములకు అటూ ఇటూ అని గుర్తుంచుకొంటే దీని తీవ్రత తెలుస్తుంది. గొట్టంలో బలమైన చోటు మీదా, బలహీనమైన చోటు మీదా ఇదే పీడనం పడుతుంది.

మరియొక విషయం. మాస్టర్ సిలిండరులోని పిస్టను ఒక సెంటీమీటరు ముందుకు జరిగితే బయటికి నెట్టబడే ద్రవం మూడు ఘన సెంటీమీటర్ల కంటె తక్కువ. ఒక టీ చెంచాడు కూడ కాదు. ఒకటిన్నర టన్నుల బండి నిలిచేది ఆ కొద్దిపాటి ద్రవం కదలికతోనే. గొట్టంలో అంతే పరిమాణం గల గాలి చిక్కుకొన్నదనుకొనండి. ద్రవం నొక్కుకొనిపోదు, గాలి నొక్కుకొనిపోతుంది. పెడలు ప్రయాణమంతా ఆ గాలిని కుదించుటకే ఖర్చవుతుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ద్రవ బ్రేకులకు అమెరికాకు చెందిన మాల్కమ్ లాక్‌హీడ్ 1917లో పేటెంటు పొందినాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులతో మార్కెట్టుకు వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకూ ఇవే బ్రేకులు. యుద్ధానంతరం మహీంద్రా వారు మన దేశంలో కూర్చిన జీపులకూ అదే వంశం. ఆ పాత జీపులలో మాస్టర్ సిలిండరు నుండి బయలుదేరే వలయం ఒక్కటే. ఎక్కడ చిల్లుపడినా మొత్తం పోయినట్లే. ఈ ప్రమాదాన్ని గ్రహించి అమెరికాలో 1968 నుండి కొత్త కార్లకు రెండుగా విభజించిన వ్యవస్థను తప్పనిసరి చేసినారు. ఒక సగం పోయినా రెండవ సగం బండిని నిలుపుతుంది. పాత జీపును ఈనాడు తిరిగి కట్టేవారు చేయదగిన మొదటి మార్పు, రెండు అరలు గల మాస్టర్ సిలిండరును అమర్చి, ముందు చక్రాలకు ఒక గొట్టం, వెనుక చక్రాలకు వేరొక గొట్టం వేయుట. రంగు తరువాత వేసుకొనవచ్చును.

(మన ఆర్.టి.సి. బస్సులలో బ్రేకులు నడిచేది గాలి ఒత్తిడితో. వాటి గొట్టాల శాస్త్రం వేరు. దానిని ఇక్కడ ప్రస్తావించుట లేదు.)

ఇక గొట్టం ఏ లోహంతో చేయబడి ఉండవలెను? కార్ఖానాల నుండి వచ్చే కార్లలో సాధారణంగా ఉండేది ఉక్కు గొట్టం. సన్నని ఉక్కు రేకును రెండు చుట్లుగా చుట్టి, పొరల నడుమ రాగితో అతికించి దానిని తయారుచేస్తారు. బలమైనది, చవుకైనది, తుప్పుకు మాత్రం లొంగుతుంది. రాగిలో పదవ వంతు నికెలు కలిపిన మిశ్రలోహపు గొట్టాన్ని స్వీడను దేశపు వోల్వో సంస్థ 1970వ దశకంలో వాడుకలోకి తెచ్చినది. అది తుప్పు పట్టదు, చేతికి సులువుగా వంగుతుంది, ఒత్తిడినీ భరిస్తుంది. ఖరీదు ఎక్కువ. వట్టి రాగి మాత్రం పనికిరాదు. అదురుకు రాగి క్రమంగా గట్టిపడి పెళుసు బారుతుంది, చివరకు ఫ్లేర్ మెడ వద్ద పగులుతుంది. చూపునకు మిశ్రలోహపు గొట్టమూ, వట్టి రాగి గొట్టమూ దగ్గరగా ఉంటాయి కనుక కొనేటపుడు దుకాణదారుని అడిగి, పేరు ముద్రించిన చుట్టను మాత్రమే తీసుకొనవలెను.

గొట్టాన్ని వంచే ముందు ఒక మెత్తని ఇనుప తీగను తీసుకొని, బండి కింద గొట్టం పోవలసిన దారి వెంబడి వంచుకొంటూ పోవలెను. ఆ తీగ మన నమూనా. తప్పు చేస్తే తీగ చేసిన తప్పే, రెండు రూపాయల నష్టం. నమూనా సరిపోయిన తరువాత దానిని బల్లపై ఉంచి, ప్రక్కన గొట్టాన్ని పెట్టి గుర్తులు వేసుకొనవలెను. ఇక్కడ కొత్తవారు పొరబడే లెక్క ఒకటి ఉన్నది. మూల నుండి మూలకు కొలిచి గొట్టం కోస్తే అది పొడవు మిగులుతుంది. ఏలననగా గొట్టం మూలకు పోకుండ చాపంలో తిరుగుతుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక లంబకోణపు వంపు వేస్తే, మూల దాకా పోయి తిరిగిన లెక్కలో 40 మిల్లీమీటర్లు పట్టే చోట గొట్టం నిజంగా తీసుకొనేది 31.4 మిల్లీమీటర్లే. నాలుగు వంపులకు తేడా మూడు సెంటీమీటర్లు దాటుతుంది. పదవ తరగతిలో చదివి మరచిన చాపపు పొడవు సూత్రం ఇక్కడ చక్కగా ఉపకరిస్తుంది.

వంపును మోకాలిపై వేయరాదు. చిన్న గాడి చక్రం గల వంపు సాధనం ఖరీదైనది కాదు. అది లేనివారు తగిన వ్యాసం గల సాకెట్టు చుట్టూ నెమ్మదిగా వంచవచ్చును. వంపు లోపలి వ్యాసార్ధం గొట్టపు వ్యాసానికి మూడు రెట్లకు తగ్గకుండుట మేలు. అంతకంటె బిగుతుగా వంచితే లోపలి వైపు ముడతపడి నొక్కుకొంటుంది, వెలుపలి వైపు గోడ పలుచబడుతుంది. ఒకసారి నొక్కుకొన్న గొట్టాన్ని తిరిగి సరిచేయుటకు ప్రయత్నింపరాదు, పారవేయవలెను. పెద్ద గొట్టాలను వంచేవారు లోపల ఇసుక నింపుతారు. ఆ విద్య ఇక్కడ ప్రదర్శింపరాదు. ఒక్క ఇసుక రేణువు లోపల మిగిలినా అది పోయి సిలిండరు రబ్బరును గీస్తుంది.

కోతకు రంపం కాక చక్రపు కట్టరు వాడవలెను. కోసిన అంచును లోపలా వెలుపలా నునుపు చేసి, గాలి ఊది పొడి పోగొట్టవలెను. పిదప వచ్చేది ఫ్లేర్. గొట్టం చివరను గరాటు వలె విప్పుటనే ఫ్లేర్ అంటారు. బ్రేకు గొట్టానికి ఒంటి పొర ఫ్లేర్ చాలదు. అంచును మొదట లోపలికి మడచి, రెండవసారి గరాటుగా విప్పి రెండు పొరలు చేయవలెను. చాలా అమెరికా సంప్రదాయపు అమరికలలో దీని కోణం 45 డిగ్రీలు. ఇతర దేశాల కార్లలో పుట్టగొడుగు వంటి గుండ్రని ఫ్లేర్ కూడ ఉంటుంది. ఒక రకపు ఫ్లేర్ కొట్టి మరొక రకపు రంధ్రంలో బిగిస్తే తొలుత కారకపోవచ్చును. కారుట కొండ మీద మొదలవుతుంది. ఫ్లేర్ సాధనం పట్టుకొనుటకు చివరి వంపు తరువాత నాలుగు సెంటీమీటర్ల మేర తిన్నని గొట్టం మిగిల్చుకొనవలెను. అంతా వంచిన తరువాత ఈ సంగతి గుర్తుకు వస్తే ప్రయోజనం లేదు.

మా ఉస్తాదు ప్రతి ఫ్లేర్‌కూ ముందు ఒకే ప్రశ్న అడిగేవాడు: “నట్టు ఎక్కించినావా, బేటా?” ఫ్లేర్ కొట్టిన పిదప నట్టు గొట్టంలోకి ఎక్కదు. కోసి మరల మొదటి నుండి చేయవలసినదే, అప్పటికి గొట్టం పొట్టిదై ఉంటుంది. మూడు నెలలలో నేను మూడుమార్లు మరచినాను. ఆయన కోపగించలేదు గాని, ఆ పొట్టి ముక్కలను మేకుకు వ్రేలాడదీసి వచ్చినవారికెల్ల చూపించేవాడు.

గొట్టం దారి విషయంలో నాకు కొన్ని దృఢమైన పట్టుదలలున్నాయి. ఛాసిస్ దూలం అడుగున కాక లోపలి ప్రక్కన గొట్టం సాగవలెను. రాయి తగిలినా, జాకీ పెట్టినా అపుడు దెబ్బ దూలానికే తగులుతుంది. సైలెన్సరు గొట్టానికి వీలైనంత దూరంగా, తప్పని చోట నడుమ రేకు అడ్డుపెట్టి తీసుకొనిపోవలెను. దీనికి కారణం కేవలం గొట్టం కాలుట కాదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం గలది. డాట్ 3 రకం ద్రవం కొత్తదిగా ఉన్నపుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ పీల్చిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. కొండ దిగేటపుడు చక్రాల వద్ద పుట్టిన వేడికి సైలెన్సరు వేడి తోడైతే, పాత ద్రవం ఆవిరి బుడగలు కడుతుంది. బుడగ పని ముందు చెప్పిన గాలి పనే. చిత్రమేమనగా బండి నిలిచి చల్లారిన తరువాత ఆవిరి తిరిగి ద్రవమై పెడలు గట్టిపడుతుంది. మెకానిక్కు చూస్తే దోషం కనబడదు. “డ్రైవరు భయపడినాడు” అని తేల్చివేస్తారు. డ్రైవరు పాపం నిజమే చెప్పి ఉంటాడు.

గొట్టాన్ని జానెడు లేక జానెడున్నర దూరానికొకటి చొప్పున క్లిప్పులతో బిగించవలెను. క్లిప్పుకూ గొట్టానికీ మధ్య రబ్బరు ఉండవలెను. రేకులోని రంధ్రం గుండా పోయే చోట రబ్బరు గ్రోమెట్ తప్పదు. మాస్టర్ సిలిండరు శరీరానికీ, గొట్టం ఛాసిస్‌కూ కట్టబడి ఉండి, రెండూ వేరువేరుగా అదిరే చోట గొట్టాన్ని ఒకటి రెండు చుట్లు చుట్టి విడిచిపెడితే ఆ చుట్లు అదురును తమలో ఇముడ్చుకొంటాయి. పైకి లేచి దిగే అనవసరపు గూని వంపులు మాత్రం ఉంచరాదు. గాలి అక్కడ గూడు కడుతుంది.

కదలని భాగం నుండి కదిలే భాగానికి పోయే చోట ఉక్కు గొట్టం ఆగిపోయి రబ్బరు హోసు మొదలుకావలెను. ముందు చక్రాలకు చెరొకటి, వెనుక ఇరుసుకు ఒకటి. వాటి పొడవును బండి నేలపై నిలిచి ఉండగా నిర్ణయించుట పెద్ద పొరపాటు. ఛాసిస్‌ను జాకీతో లేపి చక్రాలను పూర్తిగా వ్రేలాడనిచ్చి, స్టీరింగును ఈ చివరకూ ఆ చివరకూ త్రిప్పి, హోసు ఎక్కడా బిగువుకాకుండ, మెలిపడకుండ, టైరుకు రాచుకొనకుండ ఉన్నదా అని కన్నులతో చూడవలెను. చిరిగిన ఉక్కు గొట్టం నడుమ ఒక రబ్బరు ముక్క దూర్చి తీగతో కట్టుట కొన్నిచోట్ల నేను చూచినాను. అది మరమ్మతు కాదు. యూనియన్ నుండి యూనియన్ దాకా మొత్తం గొట్టాన్నే మార్చవలెను.

బిగింపు వేళ మరలకు తెల్లని టేపు చుట్టరాదు. ఇక్కడ కారకుండ ఆపేది మరలు కాదు, ఫ్లేర్ ముఖం. టేపు తునకలు లోపలికి పోతే వాటి ప్రయాణం సిలిండరు దాకా సాగుతుంది. నట్టును ముందుగా వ్రేళ్ళతో నాలుగు చుట్లు ఎక్కించి, పిదప పానా వేయవలెను. గొట్టాలన్నీ వ్రేళ్ళతో ఎక్కిన తరువాతనే ఒక్కొక్కటిగా బిగించుకొంటూ రావలెను. వ్రేళ్ళతో ఎక్కని నట్టు గొట్టం వంపు తప్పినదని చెబుతున్నది. దానిని బలవంతాన లాగి బిగించుట ఆ మెడకు ఉరి వేయుటయే.

గాలి తీయుట అందరికీ తెలిసిన పనే కనుక విస్తరించను. మాస్టర్ సిలిండరుకు దూరపు చక్రంతో మొదలుపెట్టుట పాత జీపులలో ఆనవాయితీ. స్టీరింగు కుడివైపు గల మన బండ్లలో అది సాధారణంగా ఎడమ వెనుక చక్రం. సీసాలోకి తీసిన ద్రవాన్ని తిరిగి పోయరాదు. ఏళ్ళ తరబడి మూత తీసి ఉంచిన డబ్బాను వాడరాదు. ఇంజను ఆయిలు పోసిన బండిని కూడ ఒకదానిని చూచినాను. రబ్బరు వాషర్లన్నీ పూరీల వలె ఉబ్బి కూర్చున్నాయి.

చట్టం గురించి విద్యార్థులకు ఒక మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చుట నిషిద్ధం. 2019లో సుప్రీంకోర్టు కూడ ఈ విషయాన్ని ధ్రువపరచినది. కనుక పాత బండిని పునరుద్ధరించేవారు రవాణా కార్యాలయంలో ముందుగా విచారించుకొనవలెను. సొంతంగా ఛాసిస్ కట్టి ముచ్చట తీర్చుకొన దలచిన ఇంజనీరింగు విద్యార్థులకు 2007 నుండి జరుగుతున్న బాజా ఎస్.ఏ.ఈ. ఇండియా పోటీలు తగిన వేదిక. అక్కడ వాహనానికి స్వతంత్రమైన రెండు ద్రవ వలయాలుండవలెను. పరుగు పోటీకి ముందు జరిగే బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ ఒక్కసారిగా బిగిసి నిలువవలెను. ఎంత శక్తి గల ఇంజనున్నా ఆ పరీక్షలో నెగ్గని బండి పోటీలోకి పోదు.

ఆ ఆకుపచ్చ జీపు సంగతి ముగించవలసి ఉన్నది. మరునాడు దానిని లాగించి తెచ్చి, రాగి గొట్టమంతా పీకివేసి, ఉస్తాదు ఉక్కు గొట్టం వేసినాడు. తీగ నమూనా నేను చేసినాను. నట్టు ఈసారి మరువలేదు. అంతా బిగించిన తరువాత ప్రతి కూడలి కింద ఒక వార్తాపత్రిక ముక్క పరచి, నన్ను సీటులో కూర్చుండబెట్టి, పెడలును బలంకొద్దీ నొక్కి నిమిషం పాటు కదలక పట్టుకొమ్మన్నాడు. ఆయన పడుకొని ఒక్కొక్క కాగితాన్నీ వెలుగులో పెట్టి చూచినాడు. వెనుక కుడి చక్రం దగ్గరి కాగితం మీద ఆవగింజంత తడి కనబడినది. ఆ ఫ్లేర్ కోసివేసి మరల కొట్టినాము. గొట్టం పొట్టిదైనందున ఆ ముక్క మొత్తం కొత్తది వంచవలసి వచ్చినది. రెండవసారి కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి. అయినను ఆయన ఆ రాత్రికి బండిని యజమానికి ఇవ్వలేదు. తెల్లవారి మరల కాగితాలు చూచి, ఊరి వెలుపల సమతలం మీద పది కిలోమీటర్లు నడిపి, ఆ తరువాతనే తాళంచెవి అతని చేతిలో పెట్టినాడు.